ఆయిల్ కంపెనీలో జియాలజిస్ట్ అవ్వాలంటే: ఎమ్మెస్సీ ఎందుకు, ఎక్కడ, ఎవరి డబ్బుతో?

వీడియో చూడ్డానికి డేటా సరిపోని వాళ్ల కోసం, చదువుకోవడమే ఇష్టమనే వాళ్ల కోసం ఈ ఎపిసోడ్‌లో మాట్లాడిందంతా రాతలో పెడుతున్నాను. మాట్లాడేటప్పుడు దొర్లిన పునరుక్తులు కొన్ని తీసేశాను, మిగతాదంతా అలాగే ఉంది.

ఈసారి టాపిక్ ఒక వాట్సాప్ మెసేజ్ నుంచి వచ్చింది. కోనసీమ నుంచి ఒక చెల్లి పంపింది. పేరు చెప్పను, మెసేజ్ మాత్రం ఇది: "అన్నా, నేను బీఎస్సీ జియాలజీ ఫైనలియర్. ఆయిల్ ఫీల్డులో జియాలజిస్ట్ అవ్వాలని ఉంది. కన్సల్టెన్సీ వాళ్లు అమెరికాలో పెట్రోలియం జియాలజీ ఎమ్మెస్ చెయ్యమంటున్నారు. మొత్తం 45 లక్షలు అవుతుందంట. నాన్న కొబ్బరి తోట తాకట్టు పెడతానంటున్నారు. వెళ్లమంటారా?"

అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ తోట విలువ నాకు తెలుసు. నాదీ రాజోలు పక్కనే ఒక ఊరు. చిన్నప్పుడు మా డాబా ఎక్కితే రాత్రిళ్లు దూరంగా గ్యాస్ మంట కనిపించేది. 1995 జనవరి 8న పాసర్లపూడిలో బావి పేలి 65 రోజులు మండింది కదా, అప్పటికి నాకు నాలుగేళ్లు. నాకు గుర్తున్నది తక్కువే, మా నాయనమ్మ చెప్పిందే ఎక్కువ. "రాత్రి కూడా దీపం పెట్టుకోకుండా అన్నం తిన్నాం రా" అనేది. ఆయిల్ అంటే భయం, ఆయిల్ అంటే ఉద్యోగం, రెండూ ఒకే ఇంట్లో పెరిగాయన్నమాట మాకు.

సరే, ముందు అసలు ఈ ఉద్యోగం ఏంటో చూద్దాం. చాలామంది పెట్రోలియం ఇంజినీర్, పెట్రోలియం జియాలజిస్ట్ ఒకటే అనుకుంటారు. కాదండి. బావి ఎలా తవ్వాలి, తవ్వాక నూనె ఎలా పైకి తేవాలి, ఇది ఇంజినీర్ పని. అసలు ఎక్కడ తవ్వాలి, కింద ఏ రాయి ఉంది, ఎంత లోతులో ఉంది, ఇప్పుడు మన డ్రిల్ బిట్ ఏ రాతిలో నడుస్తోంది, ఇది జియాలజిస్ట్ పని. ఇంజినీర్‌కి బీటెక్ చాలు. జియాలజిస్ట్‌కి బీఎస్సీ చాలదు. అక్కడే మన కథ మొదలవుతుంది.

భూమి లోపల పెట్రోలు చెరువులా నిలబడి ఉంటుందని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. కొత్త ఇటుక మీద చెంబుడు నీళ్లు పోసి చూడండి, సర్రున పీల్చేస్తుంది. నీళ్లు ఇటుక లోపలి సన్నటి రంధ్రాల్లోకి పోయాయి. నూనె, గ్యాస్ కూడా రాతిలో అలాగే ఉంటాయి. ఎక్కువగా ఇసుకరాయిలో, సున్నపురాయిలో. కానీ అవి అక్కడ పుట్టలేదు. ఇంకా కింద, పురాతన సముద్రపు అడుగునో, చిత్తడి నేలల్లోనో పేరుకున్న నల్లటి బురదలో సూక్ష్మజీవులు, ఆకులు అలములు కలిసిపోయి, ఆ బురద కోట్ల ఏళ్లలో రాయి అయి, కిలోమీటర్ల లోతుకు దిగింది. లోతు పెరిగేకొద్దీ వేడి పెరుగుతుంది, సుమారుగా కిలోమీటరుకు 25, 30 డిగ్రీలు. దాదాపు 60 నుంచి 120 డిగ్రీల మధ్య ఆ సేంద్రియ పదార్థం నూనెగా మారుతుంది. ఇంకా వేడెక్కితే గ్యాస్ అవుతుంది. మరీ వేడెక్కితే ఏమీ మిగలదు. మా అమ్మ పాకం పట్టేటప్పుడు "ఇప్పుడు దించాలి" అని ఒక క్షణం ఉంటుంది చూడండి, అలాంటిదే, కాకపోతే ఇక్కడ ఆ క్షణం కొన్ని లక్షల ఏళ్లు.

పుట్టిన నూనె నీటికంటే తేలిక కాబట్టి పైకి పాకుతుంది. దారిలో రంధ్రాలున్న రాయి దొరకాలి. దాని పైన నీటి చుక్కని కూడా పోనివ్వని బంకమట్టి రాయి మూతలా ఉండాలి. ఆ రెండూ కలిసి బోర్లించిన గిన్నెలాగో, విరిగి పక్కకు జరిగిన పొరలాగో ఒక ఆకారంలో ఉండాలి. పైగా ఆ గిన్నె నూనె రావడానికి ముందే తయారై ఉండాలి. ఆలస్యమైతే నూనె ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. వీటిలో ఒక్కటి తప్పినా బావి ఎండు బావే. సముద్రంలో లోతు నీళ్లలో అలాంటి ఒక్క బావికి వందల కోట్లు అవుతుంది. ఇక్కడ తవ్వండి అని సంతకం పెట్టేది జియాలజిస్టులు, జియోఫిజిసిస్టులు.

ఒక సరదా విషయం చెప్తాను. కృష్ణా గోదావరి బేసిన్‌లో రాతి పొరలకు పెట్టిన పేర్లు వింటే మన ఆర్టీసీ బస్సు బోర్డు చదివినట్టు ఉంటుంది. అడుగున కొమ్ముగూడెం ఫార్మేషన్, దాని పైన మండపేట శాండ్‌స్టోన్, ఆ పైన గోలపల్లి, రాఘవాపురం షేల్, రాజోలు బసాల్ట్, పాలకొల్లు షేల్, పాసర్లపూడి, మత్స్యపురి, నరసాపురం క్లేస్టోన్, రాజమండ్రి శాండ్‌స్టోన్. ప్రపంచంలో ఏ దేశపు జియాలజిస్ట్ ఈ బేసిన్ మీద పేపర్ రాసినా మన ఊళ్ల పేర్లు రాయాల్సిందే. మండపేట గ్యాస్‌కి పుట్టిల్లు కొమ్ముగూడెం పొరల్లోని బొగ్గు, షేల్. రాఘవాపురం షేల్ అయితే ఒక పక్క నూనె పుట్టించే రాయి, ఇంకో పక్క మూత రాయి కూడా. ఇక రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి క్వారీల్లో కనిపించే నల్లరాయి 6 కోట్ల 60 లక్షల ఏళ్ల నాటి లావా. అది దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరంలోని పడమటి కనుమల వైపు నుంచి ప్రవహించి వచ్చిందని, భూమ్మీద అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇదొకటని కొందరు శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. మా స్కూల్ పిక్నిక్ ఆ క్వారీ పక్క నుంచే వెళ్లింది, ఒక్క మాస్టారూ ఈ ముక్క చెప్పలేదు!

మరి బీఎస్సీ ఎందుకు చాలదు? బీఎస్సీలో మనకి రాయి చేతికిస్తే పేరు చెప్పడం వస్తుంది. ఖనిజాలు, శిలాజాలు, మ్యాపులు, కొంచెం ఫీల్డ్ వర్క్. ఆయిల్ కంపెనీలో రాయి చేతికి రాదు. మూడు కిలోమీటర్ల కింద ఉంటుంది. మన దగ్గర ఉండేవి సీస్మిక్ చిత్రం, కొన్ని బావుల లాగ్‌లు, గోరంత రాతి ముక్కలు. వీటిని కలిపి, అక్కడ ఒకప్పుడు నది ఉందా, డెల్టా ఉందా, సముద్రంలోకి జారిన ఇసుక ఉందా అని ఊహించాలి. ఊహించడమే కాదు, ఎంతవరకు నమ్మకమో అంకెల్లో చెప్పాలి. సెడిమెంటాలజీ, సీక్వెన్స్ స్ట్రాటిగ్రఫీ, సీస్మిక్ ఇంటర్‌ప్రిటేషన్, వెల్ లాగింగ్, మైక్రోపేలియెంటాలజీ, ఇవన్నీ ఎమ్మెస్సీలోనే లోతుగా వస్తాయి. అన్నింటికంటే ముఖ్యం డిసర్టేషన్. ఒక ప్రశ్న తీసుకుని ఆరు నెలలు ఒంటరిగా కుస్తీ పట్టడం. ఇంటర్వ్యూలో అడిగే మొదటి పది నిమిషాలు దాని గురించే.

రూల్స్ కూడా అలాగే ఉన్నాయి. ఓఎన్జీసీలో జియాలజిస్ట్ పోస్టు నోటిఫికేషన్ తీసి చూడండి, జియాలజీలో పీజీ, లేదా పెట్రోలియం జియాలజీ, పెట్రోలియం జియోసైన్స్ లాంటి వాటిలో ఎమ్మెస్సీ, ఎంటెక్ అడుగుతారు. మార్కులు 60 శాతం అడుగుతారు, ఇది గుర్తుపెట్టుకోండి. 58 దగ్గర ఆగిపోయి ఏడ్చిన వాళ్లు నాకు ఇద్దరు తెలుసు. మొదలయ్యే గ్రేడ్ ఈ1, మూల వేతనం స్కేల్ 60,000 నుంచి 1,80,000. అలవెన్సులు వేరే. అమెరికాలో కూడా పెద్ద కంపెనీల్లో జియాలజిస్ట్‌గా అడుగుపెట్టాలంటే మాస్టర్స్ డిగ్రీయే మామూలు టికెట్. బ్యాచిలర్స్‌తో దొరికేవి ఎక్కువగా టెక్నీషియన్ పనులు, మడ్ లాగింగ్ పనులు. పీహెచ్‌డీ రీసెర్చ్ సెంటర్లకు పనికొస్తుంది, ఆపరేషన్స్‌కి అక్కర్లేదు.

మడ్ లాగింగ్ అన్నాను కదా, కాసేపు దాని గురించి చెప్పాలి. నేను మూడేళ్లు చేశాను. ఎందుకు చేశానో కూడా చెప్తాను.

నేను 2013లో ఎమ్మెస్సీలో చేరాను. అప్పుడు బ్యారెల్ ముడిచమురు వంద డాలర్ల పైన ఉంది. క్లాసులో అందరి మొహాలూ వెలిగిపోతుండేవి. సీనియర్లకు రెండేసి ఆఫర్లు. 2014 జూన్‌లో 110 డాలర్ల పైకి వెళ్లిన ధర అక్కణ్నుంచి జారడం మొదలుపెట్టి, 2016 జనవరికి 30 డాలర్ల కిందకి పడింది. నాకు ఫైనలియర్లో క్యాంపస్‌లో ఒక సర్వీస్ కంపెనీ ఆఫర్ వచ్చింది. ఊళ్లో స్వీట్లు కూడా పంచాం. జాయినింగ్ డేట్ జూలై అన్నారు, తర్వాత అక్టోబర్ అన్నారు, తర్వాత నాలుగు లైన్ల మెయిల్. అయిపోయింది. మా నాన్న ఏమీ అనలేదు. స్వీట్లు తిన్నవాళ్లే అడిగేవాళ్లు, "ఎప్పుడు వెళ్తున్నావు బాబూ?" అని.

ఇందులో ఒక కిటుకు ఉంది, దయచేసి వినండి. ధర ఎక్కువున్నప్పుడు అందరూ ఈ చదువులో చేరతారు. చదువు రెండేళ్లు. ధర పడటానికి రెండేళ్లు చాలు. అంటే మీరు చేరే రోజు మార్కెట్‌కీ, బయటికొచ్చే రోజు మార్కెట్‌కీ సంబంధం ఉండదు. 2020 ఏప్రిల్ 20న అమెరికాలో మే నెల ఫ్యూచర్స్ ధర మైనస్ 37 డాలర్లకు పోయింది. మైనస్ అండి! నూనె తీసుకెళ్లండి, ఎదురు డబ్బులిస్తాం అన్నట్టు. ఆ నెలలో పట్టా చేతికొచ్చిన వాళ్ల సంగతి ఆలోచించండి. తిరగేసి చూస్తే, మార్కెట్ చచ్చిపోయి ఉన్నప్పుడు చేరిన బ్యాచ్ ఒక్కోసారి మంచి రోజుల్లో బయటికొస్తుంది. అందుకే నేనేమంటానంటే, ధర చూసి చేరొద్దు, ధర చూసి మానొద్దు. కానీ అప్పు మాత్రం ధర పడినా కట్టగలిగినంతే చెయ్యండి.

సరే, నా సంగతి. ఆఫర్ పోయాక ఒక కాంట్రాక్టర్ దగ్గర మడ్ లాగర్‌గా చేరాను. నెలకి 22 వేలు. రిగ్గు మీద పన్నెండు గంటల డ్యూటీ, ఎక్కువగా రాత్రిళ్లే. డ్రిల్లింగ్ చేసేటప్పుడు పైపు లోపలి నుంచి మడ్ అనే చిక్కటి ద్రవాన్ని కిందికి కొడతారు. అది బిట్ దగ్గర బయటికొచ్చి, తవ్విన రాతి ముక్కల్ని మోసుకుని పైపు చుట్టూ ఉన్న ఖాళీలోంచి పైకొస్తుంది. షేల్ షేకర్ అనే జల్లెడ మీద ముక్కలు పడతాయి. ప్రతి ఐదు మీటర్లకో ఎంతకో గుప్పెడు తీసుకుని, కడిగి, మైక్రోస్కోప్ కింద చూసి రాయాలి. రంగు, రేణువు సైజు, సిమెంటు, శాతాలు. అల్ట్రావయొలెట్ దీపం కింద పెడితే నూనె ఉన్న ముక్క పసుపుగానో నీలంగానో మెరుస్తుంది. మొదటిసారి ఆ మెరుపు చూసినప్పుడు తెల్లవారుజామున మూడున్నర. పక్కన చెప్పుకోడానికి ఎవరూ లేరు.

ఇక్కడ అసలైన చిక్కు ఏంటంటే, ఇప్పుడు జల్లెడ మీద పడిన ముక్క ఇప్పుడు తవ్వింది కాదు. మూడు వేల మీటర్ల నుంచి పైకి రావడానికి గంటో గంటన్నరో పడుతుంది. ఈ ఆలస్యాన్ని లాగ్ టైమ్ అంటారు. దీన్ని పంపు ఎన్ని స్ట్రోకులు కొట్టింది, స్ట్రోకుకి ఎంత మడ్ వెళ్తుంది అనే లెక్కతో కడతాం. ఒక రాత్రి పంపు లోపలి లైనర్ మార్చి చిన్న సైజుది వేశారు. స్ట్రోకుకి వెళ్లే మడ్ తగ్గింది. నేను కంప్యూటర్‌లో పాత అంకెనే ఉంచేశాను. ముక్కలు నా లెక్కకంటే ఆలస్యంగా వస్తున్నాయి, నేనేమో వాటిని అసలు లోతుకంటే కిందివిగా రాస్తున్నాను. డ్రిల్లింగ్ వేగం ఒక్కసారిగా పెరిగింది 2,612 మీటర్ల దగ్గర. అంటే బిట్ మెత్తటి ఇసుకరాతిలోకి దిగింది. నా రిపోర్టులో ఇసుక 2,617 దగ్గర మొదలైంది. సీనియర్ జియాలజిస్ట్ పొద్దున్నే వచ్చి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, తిట్టలేదు, "కిచెన్‌లోకి వెళ్లి గుప్పెడు బియ్యం పట్రా" అన్నారు. పైపు జాయింటు విప్పినప్పుడు ఆ బియ్యం లోపల వేయించి, జల్లెడ దగ్గర నన్ను గడియారంతో నిలబెట్టారు. బియ్యం వచ్చేదాకా పట్టిన టైమ్‌లోంచి కిందికి దిగే టైమ్ తీసేస్తే అసలు లాగ్ టైమ్. పద్నాలుగు నిమిషాలు తేడా. ఐదు మీటర్లేగా అనుకోకండి. ఆ బేసిన్‌లో కొన్ని ఇసుక పొరల మందమే అంత. ఆ తేడాతో కోర్ తీయాల్సిన చోటు దాటిపోతుంది. దాటింది మళ్లీ రాదు.

కాలేజీలో ఈ బియ్యం ముచ్చట ఎవరూ చెప్పలేదు. అందుకే బీఎస్సీ అవగానే ఒక ఏడాది మడ్ లాగింగ్ చేసి తర్వాత ఎమ్మెస్సీకి వెళ్తామన్నా నేను తప్పనను. పుస్తకం అర్థమయ్యే తీరే మారిపోతుంది. కానీ అక్కడే ఉండిపోతే ఎదుగుదల తక్కువ, ఇది కూడా చెప్పాలి.

ఇప్పుడు దారులు. ఇంటర్లో ఎంపీసీ అయినా బైపీసీ అయినా డిగ్రీలో జియాలజీ తీసుకోవచ్చు. డిగ్రీ తర్వాత ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ పరీక్ష, అందులో జియాలజీ పేపర్. ఖరగ్‌పూర్, బొంబాయి, రూర్కీ, ధన్‌బాద్ లాంటి చోట్ల సీట్లుంటాయి. 1926లో మైనింగ్ స్కూల్‌గా మొదలైన ధన్‌బాద్‌కి ఈ రంగంలో ఉన్న పేరు మీకు తెలిసే ఉంటుంది. ఇక్కడ మన ఆంధ్రా యూనివర్సిటీ, ఉస్మానియా, తిరుపతి ఎస్వీయూ ఉన్నాయి. ఆంధ్రా యూనివర్సిటీ జియాలజీ, జియోఫిజిక్స్ విభాగాల పాత విద్యార్థులు ఆయిల్ రంగంలో ఎక్కడికెళ్లినా తగులుతారు. ఫీజు విషయంలో అమెరికాతో పోలికే లేదు. స్టేట్ యూనివర్సిటీ అని చిన్నచూపు చూడకండి. ల్యాబు పాతదైనా గేట్ స్కోరుకి ఆ సంగతి తెలీదు.

గేట్ గురించి. పేపర్ పేరు జియాలజీ అండ్ జియోఫిజిక్స్. మొదటి భాగం ఇద్దరికీ ఉమ్మడి, రెండో భాగంలో జియాలజీయో జియోఫిజిక్సో ఎంచుకోవాలి. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఓఎన్జీసీ కొన్నిసార్లు గేట్ స్కోరుతో తీసుకుంది, కొన్నిసార్లు సొంత కంప్యూటర్ పరీక్ష పెట్టింది. కాబట్టి యూట్యూబ్ థంబ్‌నెయిల్ నమ్మకండి, నా థంబ్‌నెయిల్ కూడా. నోటిఫికేషన్ పీడీఎఫ్ తెరిచి చదవండి. ప్రతి ఏడాదీ ఖాళీలు పడతాయన్న గ్యారంటీ లేదు. అందుకే పక్కనే యూపీఎస్సీ వాళ్ల కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష కూడా రాస్తూ ఉండాలి. జియలాజికల్ సర్వే, సెంట్రల్ గ్రౌండ్ వాటర్ బోర్డు ఉద్యోగాలు దాని ద్వారానే. హైదరాబాద్‌లో ఆటమిక్ మినరల్స్ డైరెక్టరేట్ ఉంది, ఎన్ఎండీసీ ఉంది, ఇటు సింగరేణి ఉంది. ఆయిల్ ఒక్కటే అని గీత గీసుకుని కూర్చున్న నా బ్యాచ్‌మేట్ ఒకడు నాలుగేళ్లు పోగొట్టుకున్నాడు.

ఇక అమెరికా. మొహమాటం లేకుండా చెప్తాను. అక్కడ జియాలజీ ఎమ్మెస్ రెండు రకాలు. ఒకటి థీసిస్ ఉన్నది. ప్రొఫెసర్ మిమ్మల్ని ఎంచుకుంటే టీచింగ్ అసిస్టెంట్‌గానో రీసెర్చ్ అసిస్టెంట్‌గానో పెట్టుకుంటారు. చాలా జియోసైన్స్ డిపార్ట్‌మెంట్లలో అలాంటి వాళ్లకు ట్యూషన్ ఫీజు మాఫీ, నెలనెలా కొంత స్టైపెండ్ ఉంటాయి. రెండోది థీసిస్ లేనిది, మొత్తం మీ డబ్బుతో. కన్సల్టెన్సీలు మీకు చూపించేది ఎక్కువగా ఈ రెండోదే, ఎందుకంటే మొదటిదానికి వాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. ప్రొఫెసర్‌కి మీరే మెయిల్ రాయాలి. ఆయన పేపర్ చదివి, మీ డిసర్టేషన్ గురించి నాలుగు వాక్యాలు రాయాలి. ఇరవై మెయిళ్లకి రెండు జవాబులొస్తే గొప్ప. మన మూడేళ్ల డిగ్రీని ఒప్పుకోని యూనివర్సిటీలు ఉన్నాయి, అది ముందే అడగాలి.

అన్నలు, అక్కలు కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్ అప్పు చేసి వెళ్లి తీర్చేశారు కదా అంటారు. సాఫ్ట్‌వేర్‌కి వేల కంపెనీలున్నాయి, ప్రతి నగరంలో ఉన్నాయి. పెట్రోలియం జియాలజిస్టుని తీసుకునే కంపెనీలు లెక్కపెట్టుకోవచ్చు. చాలావరకు హ్యూస్టన్ చుట్టూనే ఉన్నాయి. వాటిలో విదేశీ విద్యార్థికి వీసా స్పాన్సర్ చేసేవి ఇంకా తక్కువ. చదువయ్యాక ఓపీటీ పన్నెండు నెలలు, జియాలజీ స్టెమ్ జాబితాలో ఉంది కాబట్టి ఇంకో ఇరవై నాలుగు నెలలు. ఆ తర్వాత హెచ్1బీ లాటరీ. ఆ మూడేళ్లలోనే ధర పడిందనుకోండి, ముందు ఆగేది కొత్త నియామకాలే. కాబట్టి నా లెక్క ఇది: ఫండింగ్ వస్తే కళ్లు మూసుకుని వెళ్లండి. సొంత డబ్బుతో అయితే, ఆ డబ్బు పోయినా ఇల్లు కదలదు అనుకున్న వాళ్లే వెళ్లండి.

చేతిలో ఫోనున్న ప్రతివాళ్లూ అడుగుతారు, "అన్నా ఇంట్లో కూర్చుని ఏం నేర్చుకోవచ్చు?" అని. చాలా ఉంది. నార్వే కంపెనీ ఈక్వినార్ 2018లో వోల్వే అనే ఫీల్డు డేటా మొత్తం బయటపెట్టింది. బావి లాగ్‌లు, సీస్మిక్, రోజువారీ డ్రిల్లింగ్ రిపోర్టులు, అన్నీ ఉచితం. నెదర్లాండ్స్ ఎఫ్3 అనే సీస్మిక్ బ్లాక్ కూడా ఉచితం. దాన్ని ఓపెన్‌టెక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరవొచ్చు. దీనికి ల్యాప్‌టాప్ కావాలి, ఫోన్ చాలదు, అది నిజమే. కానీ నలుగురు కలిసి కాలేజీ ల్యాబ్‌లో ఒక్క సిస్టమ్ మీద చేయొచ్చు. ఒక పొర పైభాగాన్ని వంద లైన్ల మీద గీసిన వాడికీ, పుస్తకంలో ఫాల్ట్ బొమ్మ చూసిన వాడికీ ఇంటర్వ్యూలో రెండు నిమిషాల్లో తేడా తెలిసిపోతుంది. మన దేశంలో డీజీహెచ్ కింద నేషనల్ డేటా రిపాజిటరీ ఉంది. డిసర్టేషన్ కోసం దాని డేటా అడగొచ్చేమో మీ గైడ్‌తో మాట్లాడండి. కాలేజీలో ఏఏపీజీ స్టూడెంట్ చాప్టర్ ఉంటే చేరండి. వాళ్ల ఇంపీరియల్ బ్యారెల్ అవార్డ్ పోటీలో విద్యార్థుల టీమ్‌కి నిజమైన బేసిన్ డేటా ఇచ్చి, కొన్ని వారాల్లో ఎక్కడ తవ్వాలో చెప్పమంటారు.

"అన్నా, ఎలక్ట్రిక్ బండ్లు వచ్చేస్తున్నాయి, ముప్పై ఏళ్లకి ఈ ఉద్యోగం ఉంటుందా?" ఇది లైవ్ చాట్‌లో ఎక్కువమంది అడిగింది. మన దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటినుంచే వస్తోంది. కాబట్టి ఇక్కడ వెతకడం రేపో ఎల్లుండో ఆగదు. ఓఎన్జీసీ మన తీరం బయట లోతు నీళ్లలో, 98/2 బ్లాకులో 2024 జనవరిలో మొదటి ఆయిల్ తీసింది. కానీ నియామకాలు ఇప్పటికంటే పెరుగుతాయని నేను అనుకోవడం లేదు. రాయి తెలిసిన వాడికి ఇంకా పనులున్నాయి. విశాఖలో కొండ కింద రాతి గుహల్లో 13 లక్షల 30 వేల టన్నుల ముడిచమురు దాచే నిల్వ కేంద్రం ఉంది. ఆ రాయి పగుళ్లు చదివింది జియాలజిస్టులే. కార్బన్ డయాక్సైడ్‌ని తిరిగి భూమిలోకి పంపాలన్నా చూడాల్సింది అదే ఇసుకరాయి, అదే మూత రాయి. భూగర్భజలం సంగతి చెప్పక్కర్లేదు, ఎండాకాలంలో ఎవర్నైనా అడగండి.

ఇంకొకటి. ఈ రంగంలో అంచనాలు తప్పుతాయి, పెద్దవాళ్లవి కూడా. కేజీ డీ6లో 2009 ఏప్రిల్‌లో గ్యాస్ మొదలైనప్పుడు రోజుకి 8 కోట్ల ఘనపు మీటర్ల ప్లాన్ ఉండేది. 2010లో 6 కోట్ల దాకా వెళ్లి, తర్వాత పడిపోతూ 2013 నాటికి పావు వంతు దగ్గరికి వచ్చింది. కారణాల మీద ఎన్నో ఏళ్లు వాదనలు నడిచాయి. మా ప్రాంతం వాళ్లకైతే 2014 జూన్ 27న నగరంలో పైపులైను పేలిన సంగతి వేరే చెప్పాలా? ఈ ఉద్యోగానికి వెళ్లే మన పిల్లలకి అది గుర్తుండాలి. నేను రిపోర్టులో ఒక ఒత్తిడి అంకె రాసేటప్పుడు మా నాయనమ్మ గుర్తొస్తుంది, అంతే.

సరే, చెల్లి సంగతికొద్దాం. ఆమెతో, వాళ్ల నాన్నగారితో గంటన్నర మాట్లాడాను. ఆయన నన్ను ఒకటే ప్రశ్న అడిగారు: "బాబూ, రిగ్గు మా తోట వెనకాలే ఉంది కదా, అమ్మాయి అమెరికా వెళ్లి నేర్చుకునేది ఏంటి?" నవ్వొచ్చింది గానీ, జవాబు తట్టలేదు. నేర్చుకునేది చాలా ఉందండి, కాకపోతే మొదట ఇక్కడ ఎమ్మెస్సీ చేస్తే మంచి డిసర్టేషన్ ఉంటుంది, అప్పుడు ప్రొఫెసర్లకు రాయడానికి చేతిలో సరుకుంటుంది, తోట జోలికి వెళ్లక్కర్లేదు అన్నాను. ఆయన సరే అన్నారు. ఆమె అనలేదు. "రెండేళ్లు లేటవుతుంది కదా అన్నా, నా ఫ్రెండ్స్ అందరూ వెళ్లిపోతున్నారు" అంది. దానికి నా దగ్గర మందు లేదు.

మొన్న మళ్లీ మెసేజ్ పెట్టింది. కన్సల్టెన్సీకి కట్టిన అడ్వాన్సు వెనక్కి అడిగిందట, సగమే ఇస్తామన్నారట. జామ్‌కి అప్లై చేసింది. ఇద్దరు ప్రొఫెసర్లకి కూడా రాసింది, ఒకాయన జవాబిచ్చారు: వచ్చే ఏడాది సీటు ఉండొచ్చు, ముందు నీ డిసర్టేషన్ చూపించు అని. ఆమె డిసర్టేషన్‌కి రాఘవాపురం షేల్ తీసుకుంటానంటోంది. శాంపిల్స్‌కి ఎక్కడికెళ్లాలి అని అడిగింది. లొకేషన్ పంపాను, చింతలపూడి వైపు బస్సుంది.

మీ ప్రశ్నలు కింద రాయండి, గేట్ సిలబస్ మీద విడిగా ఇంకో ఎపిసోడ్ చేద్దాం. ఉంటానండి.